బెల్లం అచ్చు మనది, శభాష్ వాడిది

అమ్మా,

నేను కులాసా. నీ ఫోను బాగయ్యేదాకా ఈ కార్డే గతి.

పిన్నమ్మ కొడుకు హంపేశ్‌ను నా గదిలో చేర్చుకోమన్నావుగా, వాడి గొప్ప విను. నిన్న డ్రాయింగ్ క్లాసులో, పైనుంచి చూసే బొమ్మే కదా అని టాప్ వ్యూను షీట్లో ముందువైపు బొమ్మకు పైన గీశాను. "అది కింద రావల్లప్పా పరశురామ్, ఎన్నిసార్లు చెప్పేది?" అన్నారు సార్. హంపేశ్ లేచి, నువ్వు రొట్టెలు చుట్టి పంపిన గుడ్డను నా సంచిలోంచి లాగాడు. సగం గోడకు ఆనించి, సగం బల్ల మీద పరిచి, నా బెల్లం అచ్చు దానిమీద పెట్టాడు.

"ముందునుంచి చూసేది గోడ మీద పడ్తాది, పైనుంచి చూసేది బల్ల మీద పడ్తాది. ఇప్పుడు బల్ల మీది గుడ్డను గోడకు సాపుగా వాల్చితే ఆ పైబొమ్మ యాడికొచ్చె? కిందికే గదా!"

సార్ శభాష్ అన్నారు. గుడ్డ మనది, బెల్లం మనది, శభాష్ వాడిది! ఆ బెల్లమూ వాడే కొరుక్కు తిన్నాడు.

ఈసారి రొట్టెలు పేపర్లో చుట్టు. బెల్లం వద్దు. బర్రె ఈనిందా? నాన్నకు నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

"పెద్దమ్మకు నేనూ రెండు ముక్కలు రాస్తా, కింద జాగా వదులు" అన్నాడు హంపేశ్. చూశావుగా, గోరంత కూడా వదల్లేదు.

నీ పరశురామ్