యోగా, పిలాటిస్, ఎడమ కాలు

జూన్ 2, సోమవారం

యోగానా, పిలాటిసా. ఇంట్లో వారం రోజులుగా ఇదే చర్చ. మధు ఎక్సెల్ షీట్ కూడా వేశాడు — దూరం, టైము, చెమట. మా ఆయనకు షీట్ లేనిదే ఉప్మా కూడా దిగదు.

డాక్టర్ అన్న మాట: "ముందు ఈ నడుము స్కాన్ తీయించండి. అది చూశాక ఏ వ్యాయామమో చెప్తాను." ఇంట్లో నేను చెప్పింది: "వ్యాయామం చేయమన్నాడు." స్కాన్ చీటీ ఈ డైరీ వెనక అట్టలో ఉంది. ఉండనీ.

జూన్ 4, బుధవారం

ఆఫీసు టవర్ కింద పిలాటిస్. ట్రయల్ క్లాసు. ముందు ఒక ఫారం. కాళ్లలో తిమ్మిరి గానీ, స్పర్శ తగ్గడం గానీ ఉందా? "లేదు" మీద టిక్కు. పెన్ను తడబడలేదు, నాకే ఆశ్చర్యం.

స్ప్రింగుల మీద జారే బల్ల. వెల్లకిలా పడుకుని పాదాలతో నెట్టాలి. ట్రైనర్ నేహ మర్యాదస్తురాలు. "మ్యామ్, లెఫ్ట్ లెగ్ కూడా యూజ్ చేయండి." చేస్తున్నాననే అనుకున్నాను. మళ్లీ అదే మాట. మూడోసారి నా పాదం వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

జూన్ 5

పిలాటిస్ వద్దు, అంతా యంత్రం, మనకు యోగానే నప్పుతుంది... మధుతో ఇలా అన్నాను. "అయితే యోగాకి పచ్చరంగు," అని షీట్ తెరిచాడు.

జూన్ 9, సోమవారం

పొద్దున్న ఆరు. మా బ్లాకు టెర్రస్ మీద యోగా. సుజాత గారు నేర్పుతారు. గోపన్‌పల్లి పాత ఊరి మనిషి — ఈ అపార్ట్‌మెంట్లు లేచిన చోట వాళ్ల జొన్నచేను ఉండేదట. ఆవిడ దగ్గర ఫారాలు లేవు. ఎదురుగా నిలబడి అడుగుతారు.

"నడుం నొప్పి, తిమ్మిర్లు గిట్ల ఏమన్న ఉన్నయా మేడం?"

"లేవండీ." మనిషి మొహం మీద అబద్ధం చెప్పడం టిక్కు పెట్టినంత తేలిక కాదు.

ఆవిడ కిందికి చూశారు. "ఒక్క చెప్పుతోనే వచ్చిండ్రేంది?"

రెండోది లిఫ్టులో దొరికింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఎప్పుడు జారిందో తెలియదు.

జూన్ 10

అమ్మ చెప్పు కూడా ఇలాగే జారేది. "రబ్బరు అరిగిందే," అనేది. హవాయి చెప్పులకు వెనక ఎలాస్టిక్ కుట్టించుకుంది. కాకినాడ వీధిలో అందరూ ఆ తెలివిని మెచ్చుకున్నారు. అలా రెండేళ్లు నెట్టుకొచ్చింది. ఆ తర్వాత చెప్పుల అవసరమే లేకపోయింది, పోయేదాకా మంచమే. "ముందే తీసుకొచ్చి ఉంటే..." అన్నాడు అప్పటి డాక్టర్, అమ్మ వింటుండగానే.

నాకు భయంగా ఉంది. ఇక్కడ తప్ప ఎక్కడా అనలేను.

జూన్ 13

పిన్నీసుతో గుచ్చి చూసుకున్నాను. ఎడమ బొటనవేలు — ఏమీ లేదు. పక్కది — ఏమీ లేదు. పోయిన నెల రెండోది తెలిసేది.

జూన్ 16, సోమవారం

"కండ్లు మూస్కోండ్రి. పాదాల మీద ధ్యాస పెట్టుండ్రి. ఒక్కొక్క ఏలు తెలుస్తుండాలె."

కుడివైపు అన్నీ తెలిశాయి. ఎడమవైపు ఎవరూ పలకలేదు. కళ్లు తెరిస్తే సుజాత గారు నా ముందు మోకాళ్ల మీద ఉన్నారు. చాప మీద రక్తం. పొద్దున్నే వంటింట్లో పగిలిన గ్లాసు ముక్క, ఎడమ మడమలో. దాని మీదే నడిచి వచ్చాను.

చున్నీ చెంగుతో నొక్కిపట్టి అడిగారు. "నొస్తలేదా మేడం?"

"లేదండీ."

ముక్క పీకి పక్కన పెట్టి నా మొహంలోకి చూశారు. "గట్లైతే నా తాన యోగా వద్దు. ఇగ దవాఖానకు పోండ్రి. రిపోర్టు తెస్తేనే మళ్ల చాప ఎయ్యుండ్రి."

జూన్ 17

మధు కట్టు చూశాడు. గాజు గుచ్చుకుందన్నాను. నిజమే కదా. "చెప్పుల్లేకుండా చేస్తే అంతేనే మరి. తగ్గాక పిలాటిస్‌లో చేరిపో." షీట్‌లో రంగు మార్చాడు.

జూన్ 19

శనివారం పదకొండుకి స్కాన్ బుక్ చేశాను. మధుకి చెప్పాలి... చెప్పలేదు.

జూన్ 20

పార్సిల్ వచ్చింది. మధు విప్పాడు. నా కొత్త చెప్పులు, వెనక ఎలాస్టిక్ పట్టీతో. "బావున్నాయే, జారవు."

ఎప్పుడు ఆర్డరు పెట్టానో ఫోన్‌లో చూశాను. తొమ్మిదో తారీకు మధ్యాహ్నం. అమ్మ చెప్పుల గురించి ఇక్కడ రాయకముందే.

జూన్ 21, శనివారం

తొమ్మిదిన్నర. కింద లాన్‌లో యోగా డే మైకు. సుజాత గారి గొంతు. మధు తెల్ల టీషర్టు వేసుకుని ఫొటోకి వెళ్లాడు. నేను రాలేదేమని ఆవిడను అడుగుతాడేమో. ఆవిడ చెప్పేస్తారేమో.

అట్టలోంచి స్కాన్ చీటీ తీసి బల్ల మీద పెట్టాను. కొత్త చెప్పులు వేసుకున్నాను. ఎడమ పట్టీ మడమకు పట్టిందో లేదో వంగి చేత్తో తడిమి చూసుకోవాల్సి వచ్చింది.

తాళం తిరుగుతోంది. మధు లోపలికి వస్తూనే అడుగుతున్నాడు — ఎక్కడికే?