ఫిర్యాదు కాగితంలో ఖాళీ గడి

అక్కకు తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ మేం నలుగురం కులాసా. అక్కడ నువ్వూ బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను అని రాయడం మన అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. చిన్నదానికి జ్వరం తగ్గింది. బడికి వెళ్తోంది, రోజుకో పెన్సిల్ పారేసుకుని వస్తోంది. నీ మరదలి మోకాలు ఫర్వాలేదు. మెట్లెక్కేటప్పుడు మాత్రం నన్ను తిడుతుంది, మూడో అంతస్తులో ఇల్లు చూసింది నేనే కాబట్టి. వంటింటి గోడ చెమ్మ అలాగే ఉంది. ప్లంబరు వచ్చాడు, చూశాడు, తలూపాడు, టీ తాగి వెళ్లాడు. నా ప్రమోషన్ జాబితా వచ్చే నెల వేస్తారట.

బావకు మళ్లీ నిద్ర పడుతోందన్నావు, ఆక్సిజన్ మిషన్ తిరిగి తెచ్చుకున్నామన్నావు. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. అద్దె కట్టలేదని దాన్ని ఎత్తుకుపోయాక బావ తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడనీ, దాన్ని వెనక్కి తేవడానికి నీ కుట్టుమిషన్ అమ్మేశావనీ ఎంత తేలిగ్గా రాశావు! "పోతే పోయిందిలే, నా నడుంనొప్పి వదిలింది" అట. నీ నవ్వు నాకు తెలియదా అక్కా? అమ్మ పోయిన వారానికి నన్ను బడికి తయారుచేస్తూ కూడా నువ్వు అలాగే నవ్వావు.

మిషన్ అద్దెకు ఆధారమైన ఆ ప్రభుత్వ సహాయం డబ్బు నెలన్నర ఎందుకు ఆగిందని అడిగావు. "మీ ఆఫీసు సంగతే కదరా, ఆ ఫైలు ఎవడి బల్ల మీద పడుకుందో కనుక్కో. పేరు చెప్పు చాలు. ఫిర్యాదు కాగితంలో ఆ గడి ఒక్కటే ఖాళీగా ఉంది. వాడి చేతులు పడిపోను!" అన్నావు. అంతకుముందు నువ్వు అడిగినప్పుడు, డబ్బు కేంద్రం నుంచే రాలేదక్కా అని కిందటి ఉత్తరంలో నేను రాశాను. అది అబద్ధం.

ఫోన్లో చెప్పొచ్చు. కానీ నువ్వు సగంలోనే "పోనీలేరా" అనేస్తావు. అందుకే రాస్తున్నాను. మొత్తం చదివాక ఏమైనా అను.

నా పనేమిటని నువ్వు ఎప్పుడడిగినా "ఫైళ్లు" అని తప్పించుకునేవాణ్ణి. అసలు పని ఇది. మీకొచ్చే సహాయం డబ్బు కేంద్రానిది, పంచేది రాష్ట్రం. రాష్ట్రం ముందే తెచ్చుకుని తన ఖాతాలో పెట్టుకుంటే ఆ వడ్డీ తిన్నట్టే కదా. అందుకని పంచడానికి అంతా సిద్ధమయ్యాకే అడగాలనీ, వచ్చిన మూడు రోజుల్లో జనానికి చేర్చాలనీ, నాలుగో రోజు నుంచి కేంద్రానికి వడ్డీ కట్టాలనీ ఒక నిబంధన. బిందె పెట్టాకే కుళాయి తిప్పమన్నట్టు. మంచి నిబంధనే, తప్పు దానిది కాదు. ఆ అడిగే కాగితం రాసి సంతకం పెట్టేది నేను.

కిందటేడు కాస్త ఆలస్యమై ఐదు రోజుల వడ్డీ పడింది. మా పెద్దాఫీసర్ని చాటుగా సున్నాల సారు అంటాం. వడ్డీ గడిలో సున్నా తప్ప ఇంకేం కనబడినా ఆయనకు కంట్లో నలుసే. అందరి ముందూ నన్ను నిలబెట్టి, "నీలాంటివాళ్లకా ప్రమోషన్లు?" అన్నాడు. అప్పటినుంచి నాకు తాడు కనబడినా పామే.

ఈసారి ఒక జిల్లా నుంచి సహాయం అందుకునేవాళ్ల జాబితా రాలేదు. మీ జిల్లా కాదు, ఎక్కడో మూల. కానీ అన్ని జిల్లాలకూ కలిపి ఒకే కాగితంతో అడగాలి. అలాంటప్పుడు కిందటి నెల జాబితాతోనే డబ్బు అడగొచ్చు, తేడాలు తర్వాత సరిచేసుకోవచ్చు. అదీ నిబంధనల పుస్తకంలో ఉంది. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. ఎదురుబల్ల టైపిస్టు గుర్తు కూడా చేసింది.

"సార్, పాత జాబితాతో అడిగేద్దామా? అందరివీ ఆగిపోతున్నాయి."

"అందులో చనిపోయినవాళ్లు ఉంటారమ్మా. వాళ్ల డబ్బు తిరిగొచ్చి మన దగ్గర పడుంటే మళ్లీ వడ్డీ. నా మెడకే చుట్టుకుంటుంది."

"చనిపోయినవాళ్ల సంగతి సరే సార్, బతికున్నవాళ్లో?"

నేను ఫైలు మూసి టీకి వెళ్లాను.

నలభై ఒక్క రోజులు అది నా కుడిచేతి పక్కనే ఉంది. దాని మీద నా కళ్లజోడు పెట్టుకునేవాణ్ణి. చివరికి ఆ జిల్లా జాబితా వచ్చింది. డబ్బు అడిగి, రెండే రోజుల్లో అందరికీ చేర్చాను. వడ్డీ గడిలో సున్నా. సున్నాల సారు మీటింగులో చప్పట్లు కొట్టించి, ఫ్రేము కట్టించిన ప్రశంసాపత్రం ఇచ్చాడు. దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం వచ్చి ఉంది. ఆ సంచి ఇంకా విప్పలేదు.

చేతులు పడిపోవాలని నువ్వు తిట్టింది ఈ చేతుల్నే అక్కా. వాటితోనే రాస్తున్నాను. బావ ఆయాసపడుతూ మంచంలో లేచి కూర్చున్న రోజుల్లో నేను హాయిగా నిద్రపోయాను. అంతకన్నా సిగ్గుచేటు, నువ్వు రాయకపోతే నాకు ఏమీ తెలిసేది కాదు. పద్దెనిమిది వేల ఇళ్లకు ఆగింది ఆ డబ్బు. మిగతా ఇళ్లలో ఎవరు ఏం అమ్ముకున్నారో, ఎవరికి ఏమైందో నాకు రాసేవాళ్లు లేరు.

నీకు కొత్త కుట్టుమిషన్ పంపి ఊరుకుందామని మొదట అనుకున్నాను. అది నీ నోరు మూయించడానికేనని నాకే అర్థమై ఆగాను. మిషన్ తర్వాత ఎలాగూ కొంటాను, నువ్వు వద్దన్నా సరే. చిన్నప్పుడు నీ దగ్గర ఒక పద్ధతి ఉండేది, గుర్తుందా? తప్పు ఒప్పుకుంటే స్కేలుతో ఒక దెబ్బ, దాచిపెడితే రెండు. నాకు రెండు పడాల్సిందే.

దీంతోపాటు కొత్త ఫిర్యాదు కాగితం పంపుతున్నాను. తేదీలు, ఫైలు నంబరు, టైపిస్టు అన్న మాటతో సహా నింపాను. ఖాళీ గడిలో నా పేరు రాశాను, నువ్వు పలక మీద దిద్దించిన గుండ్రటి అక్షరాలతోనే. కింద సంతకం మాత్రం నీదే కావాలి. నష్టపోయినవాళ్ల సంతకం లేనిదే మావాళ్లు ఫిర్యాదు తీసుకోరు, అదీ నిబంధనే. ప్రమోషన్ పోతుంది. పోవాలి కూడా. కానీ ఆ కాగితం అందితే, జాబితా రాకపోయినా పాత జాబితాతో అడిగి తీరాలని అందరికీ ఉత్తర్వు వేయక తప్పదు. నా కుర్చీలోకి రేపు నాలాంటివాడే వచ్చినా జనం డబ్బు ఆగదు.

బావకు ఇదంతా చదివి వినిపించు. ఇద్దరూ నన్ను ఎంత తిట్టినా సరే. "పోనీలేరా" అని ఆ కాగితం చింపేయకు అక్కా. సంతకం పెట్టి పోస్టులో వెయ్యి.

ఇట్లు,
నువ్వు పేరు కనుక్కోమన్న మనిషి,
నీ తమ్ముడు