ఒక్క రాత్రికి అప్పగించిన పిల్ల

స్టోన్‌కోల్ లోయ, కెంటకీ
1986 ఏప్రిల్ 23, బుధవారం

నా తల్లి రెవాకు, అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ నేనూ నీ కూతురు ట్రెసా ప్రాణాలతో ఉన్నాం, వేళకి తింటున్నాం, తొమ్మిది కోళ్ళూ గుడ్లు పెడుతున్నాయి. అక్కడ అలాస్కాలో నువ్వు పది వేళ్ళతో క్షేమంగా ఉన్నావని నమ్ముతున్నాను. వేళ్ళ మాట ఎందుకు రాశానంటే, చేపలు కోసే బల్ల దగ్గరికి మార్చారని కిందటి ఉత్తరంలో నువ్వు రాశావు. అది చదివినప్పటినుంచి కూరగాయలు తరిగేటప్పుడల్లా నాకు నువ్వే గుర్తొస్తున్నావు. నిద్రమత్తులో కత్తి పట్టుకోకు. పక్కనున్నవాళ్ళతో కబుర్లు చెబుతూ అసలే పట్టుకోకు.

నువ్వు మూడు సంగతులు అడిగావు. నా దగ్గు తగ్గింది, అయితే ఇంత తొందరగా ఎందుకు తగ్గిందా అని కొంచెం అనుమానంగా ఉంది. వెనకగది కప్పు కారడం లేదు, కానీ వాన ఇంకా గట్టిగా పడలేదు గదా. ఇక మూడోది, ట్రెసా ఏ కాలేజీలో చేరుతుందని అడిగావు. దానికి జవాబు ఒక్క మాటలో రాసేస్తే అయిపోయేది. అలా రాస్తే నేను మంచి తల్లినని నువ్వు అనుకుంటూనే ఉండిపోతావు. కాబట్టి మొత్తం రాస్తాను, తిట్టుకుంటూ చదువు.

రెండు కాలేజీలూ సీటిచ్చాయి. రెండూ ఒక్క రాత్రి వచ్చి ఉండి చూసుకొమ్మన్నాయి. ఇప్పుడు అదే పద్ధతిట. పిల్లని అక్కడ చదివే ఇంకో పిల్లకి అప్పగించాలి, దాని గదిలో నేలమీద పడుకోవాలి, దాంతోపాటు తినాలి, దాంతోపాటు క్లాసుకి వెళ్ళాలి. పెద్దవాళ్ళని మాత్రం సాయంత్రం నాలుగింటికి టీ ఇచ్చి బయటికి పంపేస్తారు. మే ఒకటో తారీకులోగా ఎటో తేల్చి కాగితం పోస్టు చెయ్యాలి.

కొండ అవతలి కాలేజీకి మార్చిలో వెళ్ళొచ్చాం. గంట దూరం. మన మాటే మాట్లాడతారు, భోజనంలో చిక్కుడుగింజల పులుసూ మొక్కజొన్న రొట్టే పెట్టారు. ట్రెసా వచ్చి "బాగానే ఉంది అమ్మమ్మా" అంది. నాకు చాలనిపించింది. రెండోది ఒహాయోలో ఆ చివర, సరస్సు ఒడ్డున ఉంది. నువ్వు వెళ్ళేటప్పుడు నోటరీ దగ్గర నన్ను దానికి గార్డియన్‌ని చేసిపోయావు గదా, గార్డియన్ సంతకం కావాలన్నారు. అందుకని నేనూ బయల్దేరాను. రాత్రంతా బస్సు. ఈ నెల పదో తారీకున దిగాం.

రెవా, ఆ రోజు నేను తిన్న దెబ్బలు ఒకటీ రెండూ కాదు.

ముందు ఆఫీసులో ఒకావిడ కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమంది. నేను వేలుపెట్టి చదువుకుంటూ పోతున్నాను. "గాయాలైనా, అవయవాలు పోయినా, ప్రాణం పోయినా కాలేజీకి బాధ్యత లేదు" అని ఉంది. మళ్ళీ మొదటినుంచి చదివాను.

"ఇప్పటికి ఎంతమంది పోయారమ్మా?" అని అడిగాను.

"ఎవరూ పోలేదండీ."

"పోకపోతే ఎందుకు రాయించుకుంటున్నారు?"

"అందరి దగ్గరా తీసుకుంటామండీ. మామూలే."

"చావు మామూలా?"

ట్రెసా నా మోచెయ్యి పట్టుకుని "అమ్మమ్మా, నీకు పుణ్యముంటుంది, సంతకం పెట్టు" అని గొణిగింది. పెట్టాను. నా పేరు నేనే గుర్తుపట్టలేనట్టు వంకరపోయింది.

తర్వాత ఆ రాత్రికి దాన్ని ఉంచుకునే అమ్మాయి వచ్చింది. పేరు హాలీనా. క్లీవ్‌లాండ్‌లో ఉక్కు కార్ఖానా కూలీ కూతురు. తలకి ఒక పక్క జుట్టుంది, ఒక పక్క నున్నగా గొరిగేసుంది. ఒకే చెవికి మూడు పోగులు. పేలు పట్టాయేమో పాపం అనుకుని చూడనట్టు ఊరుకున్నాను. మూడో అంతస్తుకి తీసుకెళ్ళింది. వరండాలో తుండుగుడ్డ చుట్టుకుని ఒక మగపిల్లాడు ఎదురొచ్చి "హలో బామ్మగారూ" అని పలకరించిపోయాడు! వాడు దారి తప్పొచ్చాడనుకున్నాను. కాదుట, వాడి గది కూడా అక్కడేనట. స్నానాలగది తలుపు మీద అట్టముక్కతో చేసిన బాణం ఉంది. ఆడవాళ్ళు లోపలుంటే ఒకవైపు, మగవాళ్ళుంటే ఇంకోవైపు తిప్పుకోవాలి.

"తిప్పడం మర్చిపోతే?" అన్నాను.

"పాట పాడతాం బామ్మగారూ" అంది హాలీనా.

నేను గోడకి ఆనుకున్నాను. ట్రెసా చూస్తే నవ్వాపుకోలేక చస్తోంది. మంటలంటుకుంటే కిటికీలోంచి దిగడానికని దాని సంచిలో బట్టలారేసే తాడు పెట్టాను. అది బయటపడేసరికి ఇద్దరూ మంచం మీద దొర్లి నవ్వారు. అంతలోనే అంత స్నేహం. అది చూస్తే సంతోషపడాలి గదా మనిషైనవాళ్ళు.

ఆ తర్వాత ట్రెసా భోజనం చీటీ తెచ్చుకోడానికి కిందికెళ్ళింది. గదిలో నేనూ హాలీనా అయిదు నిమిషాలున్నాం. ఆ అయిదు నిమిషాల సంగతి ధైర్యం వచ్చాక రాస్తాను.

నేను మోటెల్లో పడుకున్నాను, అంటే తలుపుకి కుర్చీ అడ్డంపెట్టి దాని మీద కూచున్నాను. పొద్దున పదకొండింటికి వెళ్ళేసరికి ట్రెసా సంచి సర్దుకుని మెట్ల మీద ఉంది. హాలీనా దాన్ని కావలించుకుంది. నా వైపు చూసి తలూపింది, అంతే. ట్రెసా బస్సులో రొట్టె ఇస్తే తింది, నీళ్ళిస్తే తాగింది. మాట్లాడలేదు. ఎలా ఉందే అంటే "బాగుంది" అని కిటికీవైపు తిరిగింది. కెంటకీలోకి వచ్చాక మాత్రం "నాకు కొండ అవతలిదే చాలు అమ్మమ్మా" అంది.

రెవా, నాకు సంతోషం వేసింది. సిగ్గులేకుండా రాస్తున్నాను. బస్సులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ సంతోషం వారం నిలిచింది. శనివారం ట్రెసాకి బడిలో సైన్సు చెప్పే హోల్‌బ్రూక్ టీచరమ్మ కారాపి మన వసారాలోకి వచ్చింది. నేను లోపల పిండి కలుపుతున్నాను.

"ఏంటి ట్రెసా నేను వింటున్నది? ఫీజంతా వాళ్ళే మాఫీ చేశారు. వాగుల్లో పురుగూ పుట్రా గురించి నీకు కావలసిన చదువు అక్కడుంది, ఇక్కడ లేదు. మరి ఎందుకొద్దంటున్నావు?"

ట్రెసా అంది, "అక్కడ చలి ఎక్కువండీ. మనుషులు మంచివాళ్ళు కారు. మనలాంటివాళ్ళని కలుపుకోరు."

నా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. ఆ మూడు మాటలూ నావి. వరస కూడా అదే.

ఇక ఆ అయిదు నిమిషాల సంగతి రాయక తప్పదు. ట్రెసా కిందికెళ్ళగానే నేను సంచిలోంచి ఒక యాపిల్ జామ్ సీసా తీసి హాలీనా చేతిలో పెట్టాను. ఎవరి గడప తొక్కినా వట్టి చేతులతో తొక్కం గదా మనం. అది "అయ్యో, ఎందుకు బామ్మగారూ" అంటూనే తీసుకుంది. తీసుకుంది గదా, ఇక నా మాట కాదనదు అనుకున్నాను. అదీ మన కొండల లెక్కే. దాని చెయ్యి పట్టుకుని అడిగాను. "తల్లీ, దానికి ఈ చోటు నచ్చకుండా చూడు. ఇక్కడ చలి ఎక్కువని చెప్పు. మనుషులు మంచివాళ్ళు కారని చెప్పు. మీలాంటివాళ్ళని కలుపుకోరని చెప్పు. ముసలిదాన్ని, నీకు దణ్ణం పెడతాను" అన్నాను. ఆ పిల్ల చెయ్యి లాక్కోలేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మెట్ల మీద ట్రెసా అడుగుల చప్పుడైంది.

అదీ నేను చేసిన పని. నీ కూతురి బతుకుని జామ్ సీసాతో కొనబోయాను.

టీచరమ్మ వెళ్ళాక బయటికొచ్చాను. ట్రెసా మెట్టు మీద కూచుని విత్తనం బంగాళాదుంపలు కోస్తోంది, ముక్కకి రెండు మొలక కళ్ళుండేలా. నేనూ కత్తి తీసుకుని పక్కన కూచున్నాను. రెండు దుంపలు కోశాక చెప్పేశాను. "ఆ పిల్ల నీతో చెప్పిన మాటలు నిజం కాదే. నేనే చెప్పించాను."

అది తలెత్తలేదు. "హాలీనా ఆ మాటలేవీ నాతో అనలేదు అమ్మమ్మా."

"మరి నీకెలా తెలిశాయి?"

"నువ్వు గేటు దాటకముందే చెప్పేసింది. 'మీ అమ్మమ్మ నన్ను ఇలా అడిగింది, నేను చెయ్యలేను, దాచనూ లేను' అంది. జామ్ మాత్రం చాలా బాగుందంది."

దానికి తెలుసు! అంత దూరం బస్సులో నా పక్కన కూచుని, నేనిచ్చిన రొట్టె తింటూ, అంతా తెలుసు. నేను దణ్ణం పెట్టుకుంటుంటే కూడా చూసే ఉంటుంది.

"మరి ఆ చోటు నచ్చలేదా నీకు?"

"నచ్చింది." ఇంకో దుంప తీసుకుంది. "భోజనాల దగ్గర గంటసేపు నత్తల గురించే మాట్లాడారు అమ్మమ్మా. నేను మన వాగులో గవ్వల గురించి చెబితే ఒకమ్మాయి తన ఫోర్కు కింద పెట్టేసి వింది. నా యాస విని ఎవరూ నవ్వలేదు. నవ్వినా పట్టించుకునేదాన్ని కాదు, అంత బాగుంది."

"అయితే ఎందుకే వద్దన్నావు?"

అప్పుడు నావైపు చూసింది. "నీకు గొంతెండిపోతున్నా పరాయివాళ్ళ ఇంట్లో మంచినీళ్ళు అడగవు. తాతయ్య పోయినప్పుడు శవపేటిక మొయ్యడానికి కూడా మనిషిని అడగలేదు, వాళ్ళే వచ్చేదాకా కూచున్నావు. అలాంటిదానివి ముక్కూ మొహం తెలియని పిల్లకి దణ్ణం పెట్టావంటే ఎంత భయపడి ఉంటావో నాకు తెలీదా? నిన్నిలా వదిలేసి ఎలా వెళ్ళను?"

రెవా, నేను కత్తి పక్కన పెట్టేశాను. పిల్లని ఒక్క రాత్రి పరాయివాళ్ళకి అప్పగించడానికి అంత గింజుకున్నానే, అది చూస్తే నన్నే ఒళ్ళో పెట్టుకుని కూచుంది, పదిహేడేళ్ళది. ఆ బరువు దాని మొహంలో కనపడుతోంది. దాని నాన్న చనిపోయిన ఏడాది నీ మొహం ఇలాగే ఉండేది.

"నాకు భయం రోజూ ఉంటుంది. నువ్వు కొండ అవతలున్నా ఉంటుంది, వంటింట్లో ఉన్నా ఉంటుంది. బాణం ఎటు తిప్పుందో అని ఉంటుంది. దాన్ని నువ్వు మొయ్యకు" అన్నాను.

"నువ్వొక్కదానివీ మొయ్యగలవా?" అంది.

"ఇన్నాళ్ళూ మోసింది ఎవరనుకున్నావే వెధవా" అన్నాను.

అది నవ్వలేదు. లోపలికెళ్ళి రెండు కాలేజీల కాగితాలూ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. రెంటికీ గార్డియన్ సంతకం కావాలి. "అయితే నువ్వే చెప్పు, ఏదీ?" అంది.

నోటిదాకా వచ్చింది, రెవా. కొండ అవతలిది అని వచ్చేసింది. నాలుక కరుచుకున్నాను. దుంపల మట్టి గౌనుకి తుడుచుకుని రెండు కాగితాల మీదా సంతకం పెట్టాను. ఈసారి నా పేరు సరిగ్గానే వచ్చింది. "ఒకటి పోస్టు చెయ్యి, ఒకటి పొయ్యిలో వెయ్యి. నన్ను అడగొద్దు. నేను జవాబు చెబితే నువ్వు నా మాట వింటావు, నాకదే భయం" అన్నాను.

ఆదివారం, సోమవారం గడిచాయి. నేను అడగలేదు. దాని సంచి వంక, పుస్తకాల వంక చూడలేదు. కోళ్ళకి ఒకే పూట రెండుసార్లు మేత వేశాను. నిన్న మధ్యాహ్నం బడి నుంచి వస్తూ పోస్టాఫీసు మీదుగా వచ్చింది. చెప్పులు విప్పుతూ, "పోస్టాఫీసు బెర్తా కవరు మీద ఊరు చదివి, ఇంత దూరమా పిల్లా అంది" అంది.

అయితే సరస్సు ఒడ్డుదే. అరవలేదు, ఏడవలేదు.

"నువ్వేమన్నావు?"

"ఎంత, బస్సులో పది గంటలే గదా అన్నాను."

"పది కాదే, పదకొండున్నర. సిన్సినాటీలో బస్సు మారాలి. మారేటప్పుడు సంచి కింద పెట్టకు" అన్నాను.

ఇదీ నీ మూడో ప్రశ్నకి జవాబు. ఆ హాలీనాకి క్షమించమని ఒక ఉత్తరం రాయాలి, రెండు రోజులుగా మొదటి మాట దొరకడం లేదు. నీకు కోపం వస్తే నా మీదే పెట్టుకో, పిల్ల మీద చూపకు. రాసేటప్పుడు వేళ్ళ సంగతి మర్చిపోకుండా రాయి.

ఇట్లు,
భయపడుతూనే సంతకం పెట్టిన
మీ అమ్మ ఓఫా