జైనాబీ కణాలు

వేదశ్రీ గారికి నమస్కారం.

నేను జైనాబీ భర్తనండి. ఆమె క్యాన్సర్ గడ్డలో చిన్న ముక్క పరిశోధనకు కావాలని మీరు అడిగారు. సుమో అనే ప్రొటీన్ వేరే ప్రొటీన్లకు అతుక్కుని వాటి పని మారుస్తుందనీ, పనయ్యాక విడిపోవాలనీ, ఈ జబ్బులో సరిగా విడిపోవడం లేదేమో చూస్తామనీ చెప్పారు. “మా ఆయనా అంతేనమ్మా, పట్టుకుంటే వదలడు” అని ఆమె నవ్వుతూ సంతకం పెట్టింది.

ఐదు నెలల క్రితం గుంటూరు ఆసుపత్రిలో ఆమె పోయినప్పుడు నేను చిలకలూరిపేటలో మిల్లు డ్యూటీలో ఉన్నాను.

ఆ ముక్కలోని కణాలు ల్యాబులో ఇంకా బతికే ఉన్నాయని మొన్న మీరు ఫోనులో అన్నారు. నిన్న గుంటూరు వచ్చి, మీ గేటు దగ్గర చాలాసేపు నిలబడి, ఏమని అడగాలో తెలియక తిరుగు బస్సెక్కాను.

మీ పని పూర్తయి వాటిని తీసేసే రోజు వస్తే ముందుగా చెప్పండి. నేను వచ్చి దగ్గర ఉంటాను.