ఉప్పుగడ్డ నాకిన ఎద్దు

డాక్టరమ్మ అమోంగిన్‌గారికి,

పశువుల బరువులు పంపమన్నారు. ఉప్పుగడ్డ నాకించిన గుంపు బాగా కండపట్టింది, రాసుకోండి. పోల్చి చూడ్డానికి మీరు నాకించొద్దన్న గుంపులోనూ ఒక ఎద్దు బలిసింది. తప్పు మాదే. అది మా పెద్దన్నది. మాలో మగాడికి తన ఎద్దు పేరే పేరు. "నేను అంబలి తాగుతూ నా పేరుని పస్తు పెట్టమంటావట్రా?" అని దొంగచాటుగా నాకించాడు.

మంగళవారం తుపాకులతో దొంగలొచ్చి, బలిసినవాటినే ఏరి తోలుకుపోయారు. అన్న ఆ ఎద్దు మెడ వదల్లేదు. తుపాకీ మడమతో వేళ్లు విరగ్గొట్టారు. మోచేతులతో వాటేసుకున్నాడు. అన్న గొంతు మీద తుపాకీ పెట్టి కాల్చారు.

మాకిప్పుడు బక్కవే మిగిలాయి. వచ్చే నెల వాటికీ ఉప్పు పంపుతానన్నారు. పంపకండి. నాకింక ఒక్క అన్నే ఉన్నాడు.