గుమ్మం కంటే ఎత్తైన రోడ్డు

నరసరావుపేట,
శుక్రవారం.

హజ్రా అక్కకు, తమ్ముడు ఖలందర్ సలాం చేసి రాస్తున్నాడు. అల్లా దయవల్ల నేనూ నీ మరదలు ఆసియా ఒంట్లో బాగానే ఉన్నాం. దాచేపల్లిలో నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ వేళకు తిని, నిద్రపోతున్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం అంది నెల దాటింది, జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఆసియా మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. తగ్గింది. నువ్వు చెప్పినట్టే ఆముదం రాసి కాపడం పెట్టుకుంటోంది. మెట్లెక్కేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటుంది. నీ కోళ్ళను ఎదురింటి ప్రమీలమ్మ పిన్ని చూసుకుంటోంది. నల్లపెట్ట పిల్లల్ని లేపింది. మొన్న బెల్లంకొండ నుంచి ఎవరో పెళ్ళి పరుపులు కుట్టించుకుందామని వచ్చి, నీ తలుపుకు తాళం చూసి, "ఎప్పుడొస్తది?" అని నన్నే అడిగారు. తెలీదన్నాను.

కొత్త రోడ్డు ఎలా ఉందన్నావు. బాగుంది. ఆటోలు వీధి చివరన మా వెల్డింగ్ షాపు దాకా వస్తున్నాయి. చేసిన గేట్లను వీధి మొదటిదాకా మోసుకుపోయే బాధ తప్పింది. నీ ఇల్లు అలా పడి ఉండగా ఈ మాట రాయడం నాకే సిగ్గుగా ఉంది.

ఇక నువ్వు రాసిన మూడో మాట. "ఆ ఇంజనీరు కొలత తప్పబట్టే నీళ్ళు నా ఇంట్లోకి వచ్చినాయి. వాడి మీద అర్జీ రాసి పంపు, సంతకం పెడతాను" అన్నావు. రాయలేనక్కా. ఆయన తప్పేమీ లేదు.

పోయిన ఆదివారం నేను నీ దగ్గరికి వచ్చింది ఇది చెప్పడానికే. వేడన్నంలో గోంగూర కలిపి పెట్టావు. "ఏందిరా, చానా చిక్కిపోయావు" అన్నావు. నీకు వినపడాలంటే గట్టిగా అరవాలి. పక్క గదిలో అల్లుడున్నాడు. ఇది అరిచి చెప్పే మాటా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, తిని, చేయి కడుక్కుని, బస్సెక్కేశాను. ఆసియా నా మొహం చూసి, "చెప్పలేదు కదా" అంది. అందుకే రాస్తున్నాను.

వీధివాళ్ళే కమిటీగా కూడి, తమకేం కావాలో తేల్చుకుని అడిగితే మున్సిపాలిటీ డబ్బిస్తుందని తెలిసి, పిన్ని అరుగు మీద మనమంతా కూర్చున్నాం కదా. కమిటీకి పెద్దగా నన్ను పెట్టమని ముందు అన్నది నువ్వే. "మా తమ్ముడు నోరున్నోడు. ఆఫీసుల్లో మాట్లాడగలడు" అన్నావు. ఆ మాట మీదే అందరూ సరేనన్నారు. డబ్బు మంజూరైంది. ఇంజనీరు కొలతలకు వచ్చాడు. నీ గుమ్మం ముందే నిలబడి నాతో మాట్లాడాడు.

"పాత రోడ్డు తవ్వి సిమెంటు పోస్తే ఎత్తు పెరగదు. కానీ మీకొచ్చిన డబ్బు సగం వీధికే సరిపోద్ది. పాతదాని మీదే పోస్తే చివరిదాకా వస్తది, కాకపోతే రోడ్డు లేస్తది. గుమ్మం కిందికున్న ఇళ్ళేమన్నా ఉన్నాయా?" అని అడిగాడు.

నీ గుమ్మం ఆయన వెనకే ఉంది. తిరిగి చూస్తే కనపడేది. సగం వీధి అంటే నా షాపు రాదు. నేను, "లేవు సార్. పాతదాని మీదే పోయండి" అన్నాను.

అప్పుడే నువ్వు టీ గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చావు. ఆయనకు ఒకటిచ్చి, నా వైపు తిరిగి, "ఏమంటున్నాడ్రా?" అన్నావు. నీ చెవి దగ్గర నోరు పెట్టి, "రోడ్డు బాగా వస్తదంట అక్కా" అన్నాను. నువ్వు నవ్వి, ఆయనకు ఇంకో టీ పోస్తానన్నావు.

అక్కా, ఇదీ జరిగింది. నీకు వినపడదని తెలిసే, నీ ఎదుటే నీ ఇంటిని ముంచాను.

ఆ వాన రోజు నేను పరిగెత్తుకొచ్చేసరికి నువ్వు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, పెళ్ళివాళ్ళ పరుపులు మంచం మీదికి లాగుతున్నావు. దూది నీళ్ళు పీల్చి రాయిలా అయిపోయింది. మనిద్దరం లాగినా లేవలేదు. వెనక గోడ కూలినప్పుడు నువ్వు ముందు గదిలో ఉన్నావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ ఉత్తరం రాయడానికి నాకు అక్క ఉండేది కాదు. ఆ సాయంత్రం పిన్ని, "ఏమయ్యా ఖలందరూ, రోడ్డు ఇంత ఎత్తు ఎట్టా వేయించావు?" అని అడిగితే, నువ్వే అడ్డం వచ్చావు. "వాడినేం అనబాకు. వీధి కోసం వాడెంత తిరిగాడో నాకు తెలుసు" అన్నావు. నేను తలొంచుకుని నీళ్ళు తోడుతూ ఉండిపోయాను.

నీ ఉత్తరం వచ్చాక ఇక ఊరుకోలేకపోయాను. ఇంజనీరు దగ్గరికి వెళ్ళి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.  ఆయన, "నేనూ ఒకసారి వెనక్కి తిరిగి చూడాల్సింది" అన్నాడు. ఆ మాట తిట్టు కంటే ఎక్కువగా తగిలింది. తర్వాత పిన్ని అరుగు మీద వీధి అందరి ముందూ చెప్పాను. ఎవరూ అరవలేదు. పిన్ని మాత్రం, "మాకు చెబితే ఏమొచ్చుద్ది? ముందు ఆమెకి చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయింది.

కమిటీ నుంచి తప్పుకున్నాను. ఇప్పుడు పిన్నే పెద్ద. మున్సిపాలిటీ ఒప్పుకున్నాక నీ ఇంటి ముందు రోడ్డు కోసి, కాలవలోకి నీళ్ళు పోయేలా దారి చేశారు. దాని మీద ఇనుప జాలీ నేనే చేసి బిగించాను. నిన్న పెద్ద వాన పడింది. పిన్నీ నేనూ గొడుగు పట్టుకుని నీ గుమ్మం దగ్గరే నిలబడి చూశాం. నీళ్ళు లోపలికి రాలేదు. దానికి నన్ను మెచ్చుకోబాకు. ముందే చేయాల్సింది.

గోడ ఇంకా అలాగే ఉంది. ఎప్పుడు కట్టాలో, అసలు మళ్ళీ ఇక్కడికి రావాలో వద్దో నువ్వు తేల్చుకో. నువ్వు ఒప్పుకుంటే మట్టి నేను తొక్కుతాను, ఇటుకలు నేను మోస్తాను. ఒప్పుకోకపోతే వేరేవాళ్ళను పిన్ని మాట్లాడుతుంది. ఈ ఉత్తరం అమ్మాయికీ అల్లుడికీ చూపించు. దాచమని అడగను. ఇన్నాళ్ళూ నా తరఫున నువ్వు మాట్లాడావు. ఇకనుంచి మాట్లాడాల్సిన పని లేదు.

జవాబు రాయకపోయినా నేను తప్పు పట్టను. తిట్టాలనిపిస్తే మాత్రం ఉత్తరంలో కాదు, నన్ను పిలిపించు. అల్లుడి ముందే, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా తిట్టు. నాకు బాగానే వినపడుతుంది.

ఇట్లు,
నీ తోడబుట్టినవాడు,
ఖలందర్