ఏడో స్టాండు గూడబాతులు

డిసెంబరు 20

నీళ్లలో గూళ్ల కోసం పాతిన ఇనప స్టాండుల్లో ఏడోదాని మీద గూడబాతు గుడ్లు పెట్టింది. ముక్కు కింది సంచికి పక్కన పాత చిల్లున్నదే. నేను ఈ పక్షుల శాంక్చురీలో వాచర్‌గా చేరినప్పటి నుంచి ఏటా అక్కడికే వస్తోంది. పడవ నడిపే గోపీనాథ్ గారు, మీ ఆడపడుచు పుట్టింటికొచ్చిందండీ అని వేళాకోళం చేశారు.

ఇంట్లో మాత్రం గొడవ. గూడబాతులు చేపపిల్లల్ని తినేస్తున్నాయని మా ఆయన మా చేపల చెరువు దగ్గర టపాకాయలు కాలుస్తున్నారు. కాల్చకండి, పక్షులు వాలకుండా నీళ్ల మీద నైలాన్ దారాలు కట్టండి అన్నాను. లావు తాడైతే రెక్కకి దెబ్బ తగులుతుందని సన్నదే తెమ్మన్నాను. మంచి మనిషి, విన్నారు. ఒక కొస నేనే పట్టుకున్నాను.

జనవరి 19

రెండు పిల్లలు! ఒంటి మీద ఈక లేదు గానీ ఆకలికి తక్కువేం లేదు. తల్లి సంచిలోకి తల దూర్చేస్తున్నాయి.

జనవరి 21

ఇవాళ కూడా రెండూ బాగున్నాయి. ఎండెక్కితే తల్లో తండ్రో రెక్క విప్పి వాటికి నీడ పడుతోంది.

జనవరి 24, ఉదయం 7

ఆయన ఫోన్ చేసి చెరువు దగ్గరికి రమ్మన్నారు. దారం రెక్కకి చుట్టుకుని ఒక గూడబాతు పెనుగులాడి, నీళ్లలోనే పోయింది. సంచికి చిల్లు. పక్షులన్నీ ఒకేలా ఉంటాయి కదా హిమా, అదేనని ఎలా తెలుసు అన్నారు. చెరువులన్నీ ఒకేలా ఉన్నాయి, మీది మీకు తెలీదా అన్నాను.

ఆయన కత్తి తెచ్చి దారాలన్నీ కోసేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

జనవరి 25

తండ్రి ఒక్కటే ఉంది. వేటకి వెళ్తే పిల్లలకి గద్దల భయం, వెళ్లకపోతే తిండి లేదు. నేను చేపలు పెడతానండీ అని రేంజర్ గారిని బతిమాలాను. గూటి దగ్గరికి పడవ వెళ్తే చుట్టుపక్కల పక్షులన్నీ లేచిపోతాయమ్మా, అన్ని గూళ్లూ పోతాయి అన్నారు. నిజమే. తల్లి ఎలా పోయిందని అడిగారు. తెలీదండీ అన్నాను.

జనవరి 26

మధ్యాహ్నం తండ్రి వేటకి వెళ్లింది. పావుగంట కూడా కాలేదు. గద్ద వచ్చి ఒకదాన్ని ఎత్తుకుపోయింది. గట్టు మీద నిలబడి గొంతు పోయేలా అరిచాను. గద్దకి నా అరుపు లెక్కా?

తండ్రి సంచి నిండా చేపలతో తిరిగొచ్చింది. ఆ తర్వాత మళ్లీ గూడు వదిలి కదల్లేదు.

జనవరి 29

రెండోది ఆకలితో పోయింది. నేనే చంపాను. ఇక్కడైనా రాసుకోవాలి.

ఫిబ్రవరి 1

తండ్రి ఖాళీ గూటి మీదే ఉంది. పది గంటలకి ఎండ ఎక్కింది. పిల్లలకి నీడ పట్టడానికి రెక్క విప్పింది.